సూచికకెక్కని ఫోల్డర్

స్విచ్ నొక్కగానే పంపు గురక మొదలుపెట్టింది, ఎదురుగా అట్టపెట్టె మీద ల్యాప్‌టాప్ ఫ్యాను అంతకుముందు నుంచే గురక పెడుతోంది, వెనక గోడ వారగా పేర్చిన యూపీఎస్ బ్యాటరీలది మూడో గురక, ఇంత ఇరుకు గదిలో ఇన్ని నిద్రపోతుంటే మేలుకున్నది తనొక్కతే అనుకుంది మనస్విని, కుడిచేత్తో పంపును రొమ్ముకి ఆనించి పట్టుకుని ఎడమచేత్తో కీబోర్డు మీదికి వంగుతూ. నాచారం పారిశ్రామికవాడలో ఒకప్పటి దారం మిల్లు షెడ్డు మీద లేపిన అంతస్తు ఈ ఆఫీసు. ప్రసవం సెలవు నుంచి తిరిగొచ్చిన రోజే పాలు తీసుకోవడానికి ఒక గది కావాలని అడిగితే, పాపం వెతికి వెతికి ఈ యూపీఎస్ గది చూపించారు, ఒక తెర కూడా కట్టించారు, గొళ్లెం మాత్రం సరిగ్గా పడదు, అందుకని తలుపుకి కుర్చీ అడ్డం. కిటికీలోంచి ఎక్కడో బిస్కెట్లు కాలుతున్న వాసన. స్క్రీన్ మీద ఫైళ్ల పేర్లు పైకి పాకుతున్నాయి, ఒక్కోటి చదివేలోపే మాయమవుతోంది, ఇండెక్స్ తయారవుతోంది, అదయ్యేసరికి ఓ గంట పడుతుంది, ఆ గంట గడిస్తే మీటింగు, ఆ మీటింగులో, స్టేషన్ పేర్లు పలికించే అనౌన్స్‌మెంట్ మాడ్యూల్ ఇకమీదట ఎవరి చేతిలో ఉంటుందో తేలిపోతుంది. అది నాది, అనుకుంది మనస్విని, అనుకోగానే సిగ్గేసింది, సిగ్గుపడినందుకు కోపమొచ్చింది, పాలు మాత్రం ఇంకా రాలేదు.

ఇండెక్స్ అంటే ఏమిటమ్మా అని నిన్న రాత్రి అన్నాల దగ్గర అత్తగారు తారామణి అడిగింది. లావు పుస్తకం చివర ఏ మాట ఏ పేజీల ఉందో రాస్తరు గద అత్తయ్యా, అదే, గాకపోతే ఈడ పుస్తకం బదులు ప్రోగ్రాం. అయితే చివరి నాలుగు పేజీలే కదా, దానికింత హైరానా ఎందుకూ అంది ఆవిడ, పప్పు వడ్డిస్తూ. నాలుగు పేజీలే అయ్యుంటే ఎంత బాగుండేది. రైలు పెట్టెలో రాబోయే స్టేషన్ పేరు చూపించి, పలికే బోర్డు తమ కంపెనీది, దానికోసం తాము రాసింది పిడికెడు, ఆ పిడికెడు నిలబడ్డానికి ప్రపంచంలో ఎవరెవరో రాసిపెట్టిన లైబ్రరీలు కొండంత. ఒక్క లైబ్రరీని పిలిస్తే అది తన పరీక్షల ఫైళ్లని, ఉదాహరణలని, ఎప్పుడో వాడి వదిలేసిన పాత వెర్షన్లని కూడా వెంటబెట్టుకుని దిగుతుంది, పెళ్లికి ఒక్కర్ని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు. వాటన్నిటిలోని ప్రతి పేరూ ఇండెక్స్‌లో ఒక వరుస. తను సెలవులో ఉన్న నెలల్లో అది పెరిగి పెరిగి అసలు ప్రోగ్రాం కంటే లావైంది, ఇప్పుడు ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌లో ఒక అక్షరం కొడితే అది మొత్తం గాలించి జవాబు చెప్పేలోపు కింద క్యాంటీన్‌కి పోయి చాయ్ తాగి రావచ్చు, కొందరు నిజంగానే పోయి తాగొస్తున్నారు. దాని సంగతి చూడండి మనస్విని గారూ, అన్నారు టీం పెద్ద రామ్మోహనరావు గారు సోమవారం, నిదానంగా చూడండి, తొందరేం లేదు. ఆ మాటే గుచ్చుకుంది. ఈ ఆఫీసులో పని ఎవరిదో తెలుసుకోవడానికి ఏ కాగితమూ చూడక్కర్లేదు, ఆయన నోరు చూస్తే చాలు, పని నిజంగా ఎవరిదైతే వాళ్లని ఎప్పటికిస్తారు అని అడుగుతారు, మిగతావాళ్లకి నిదానంగా చూడండి. సెలవుకి పోయేదాకా రోజుకి మూడుసార్లు ఆ ఎప్పటికిస్తారు విని విసుక్కున్న మనిషి, ఇప్పుడు అదే మాట, తన బదులు మాడ్యూల్ చూస్తున్న హృషికేశ్ బల్ల దగ్గర వినిపిస్తే చెవులు రిక్కిస్తోంది.

మాడ్యూల్ మీద ఈ ప్రేమేమిటి అసలు, ఉద్యోగమన్నాక ఏ పనైతేనేం అంటాడు నరేన్, వాడికేం, మంచి మొగుడే గాని వాడెప్పుడూ ప్లాట్‌ఫారం మీద నిలబడి పైకి చూడలేదు. తను చూసింది. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల, బాపు దయాకర్ డ్యూటీ దిగాక సికింద్రాబాద్ స్టేషన్‌కి తీసుకుపోతే, గాల్లోంచి ఒక ఆడగొంతు ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెబుతుంటే, ఆ అమ్మ యాడ కూసుంటది బాపూ అని అడిగింది, అగో ఆ గోడెనక అన్నాడు బాపు, ఆయనకి పోయే బండి తొందర. మరి అన్ని బండ్లు ఆమెకెట్ల యాదుంటయ్. బాపు ఏం చెప్పాడో గుర్తులేదు. చాలా ఏళ్లు ఆ గోడ వెనక ఒకావిడ చీర కొంగు బిగించి కూర్చుని కిటికీలోంచి పట్టాలు చూస్తూ ఉండేది మనస్విని మనసులో, ఆవిడకి మంచినీళ్లు ఎవరిస్తారు, ఆకలేస్తే ఏంచేస్తుంది, తుమ్మొస్తే మైకులో తుమ్ముతుందా. గోడ వెనక ఎవరూ లేరని, ముక్కలు ముక్కలుగా దాచిన మాటల్ని ప్రోగ్రాం ఏరి కూరుస్తుందని కాలేజీలో తెలిసిన రోజున కొంచెం ఏడుపొచ్చింది కూడా, ఆ తర్వాత అంతకంటే పెద్ద ఆశ పుట్టింది, అయితే ఆ ఏరే పని నేనే చేస్తా. చేసింది. రాబోయే స్టేషన్ పేరు ఎప్పుడు మొదలుపెట్టాలి, తలుపులు తెరుచుకునేలోపు ఎలా ముగించాలి, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఎంత ఊపిరి వదలాలి, అన్నీ తను కూర్చినవే, ఏడో నెల పొట్టతో ల్యాబ్‌లో నిలబడి మౌలాలి అని పలికించి విన్నప్పుడు లోపల పాప తన్నింది. ఆ పాపే ఇప్పుడు సిరి. సిరి పుట్టింది, మాడ్యూల్ హృషికేశ్‌కి పోయింది, బోర్డుకి రోగమొచ్చింది, ఉన్నట్టుండి నల్లబడిపోతుంది, కాసేపటికి తనే మళ్లీ లేస్తుంది, అది కూడా సరిగ్గా స్టేషన్ పేరు పలకాల్సిన చోట. ఇంకా ల్యాబ్ దాటలేదు కాబట్టి సరిపోయింది. హృషికేశ్ దాని మీద వారాలుగా కూర్చున్నాడు, మంచి పిల్లాడు, అక్కా అక్కా అంటాడు, వాడు ఓడిపోవాలని తనకి ఎంతమాత్రం లేదు, కాని వాడికి దొరక్కుండా ఉంటే బాగుండునని మాత్రం ఉంది. ఈ రెండూ ఒకటేనా, వేరువేరా అని కాసేపు ఆలోచించి, ఒకటే అని తేల్చుకుని, పంపు ఎడమవైపుకి మార్చుకుంది.

పాలు రావడం లేదు. ఫోన్‌లో పాప ఫొటో చూస్తే వస్తాయని డాక్టరమ్మ చెప్పింది, ఫోన్ బ్యాగులో ఉంది, బ్యాగు కుర్చీ మీద, కుర్చీ తలుపుకి అడ్డం. సరే, ఉన్న చోటనే గుర్తుచేసుకుందాం. స్క్రీన్ మీద లైబ్రరీల పేర్లు అయిపోతున్నాయి, ఎంత శుభ్రంగా కోసింది ఈసారి, పరీక్షల ఫైళ్లు వద్దు, ఉదాహరణలు వద్దు, ఫంక్షన్ల లోపల పుట్టి లోపలే చచ్చే చిన్న చిన్న పేర్లు వద్దు, మారని లైబ్రరీలకి ఒక పెద్ద ఇండెక్స్, ఒక్కసారి కట్టి పక్కన పెడితే చాలు, తాము రోజూ మార్చే పిడికెడుకి వేరే చిన్న ఇండెక్స్, రోజూ కొత్తగా. పెద్దది ఇప్పుడు అవుతున్నది, చిన్నది పొద్దున్నే కట్టేసింది. ఏది ఉంచాలి ఏది తీసేయాలి, ఎంత తమాషా ప్రశ్న ఇది, దీన్ని తుడుపు పని అనుకుని ఇచ్చారు గాని, మనిషి బుర్ర చేసే పని కూడా ఇదే కదా. బుర్ర ఎవరినడిగి తీసేస్తుంది? సుశీలమ్మ టీచరు ముక్కుపుడక గుర్తుంది గాని ఆవిడ చెప్పిన లెక్క ఒక్కటీ గుర్తులేదు. చెంగిచెర్ల ఫ్లాట్‌లోకి మారినప్పుడు అత్తయ్య వంటింట్లో రోజూ వాడే డబ్బాలు మాత్రం చేతికందేలా పెట్టి, మిగతావన్నీ సజ్జమీదికి ఎక్కించేసింది, అప్పటినుంచి ఆ ఇంట్లో నల్ల నువ్వులనేవి లేవు, ఉన్నాయి గాని లేవు, మొన్న మళ్లీ కొనుక్కొచ్చారు మామయ్య.

ఇక సిరి, దాని ఇండెక్స్‌కి ఎవరి కత్తెరా అక్కర్లేదు, దానికున్నది ఒక్కటే మాట, తా. చెట్టు తా, కుక్క తా, పాలు తా, ఫ్యాను తా, అత్తయ్య మెళ్లో గొలుసు తా. పొద్దున స్కూటీ తీస్తుంటే బాల్కనీలోంచి తా తా అని ఒకటే గోల, ఒక్క మాటతో సంసారమంతా నడిపేస్తోందే తల్లీ, మేమే అనవసరంగా ఇన్ని నేర్చుకున్నాం అని నవ్వింది అత్తయ్య. ఉప్పల్ దారిలో కట్టీ కట్టని ఫ్లైఓవర్ స్తంభాల మధ్య, బస్సు వెనక బస్సు ఆగి, పక్క ఆటోవాడు జర జరగక్కా అంటుంటే కూడా తను అదే ఆలోచిస్తూ నడిపింది, ఒక్క తా తో దానికెలా సరిపోతోంది, మాకెలా అర్థమవుతోంది? అది ఎటు చూస్తోందో చూస్తాం, అంతే. తా అనగానే ఎవరూ పరుగెత్తరు, ఏ తా అని ముందు అడుగుతారు, ఏ తా నాన్నా, పాలా, కుక్కా, అది వేలు పెట్టి చూపిస్తుంది. పేరు ఒకటే, వస్తువులు బోలెడు, అందుకని అడుగుతారు. ఆ చిట్టివేలు, గోరు పక్కన అన్నం మెతుకు ఎండి అతుక్కున్న వేలు కళ్లముందు ఆడగానే రొమ్ములో సన్నగా సూదులు గుచ్చినట్టయింది, ఆ వెంటనే సీసా అడుగున టప్ మని ఒక చుక్క, ఆ పైన ధార. వచ్చేశాయి. అమ్మయ్య అని వెనక్కి వాలింది, వాలి, మళ్లీ ముందుకి వంగింది. అడుగుతారు.

అడుగుతారు, కాని ఎడిటర్ అడగలేదే. మంగళవారం హృషికేశ్ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాడు, స్టేషన్ పేరు పలికే ముందు బోర్డు అవతలి రైలు పెట్టెలోని బోర్డుని ఉన్నావా అని అడిగి జవాబు కోసం ఆగే ఫంక్షన్ ఒకటుంది, దాని పేరు వెయిట్ ఫర్ రిప్లై, ఆ పేరు మీద కర్సర్ పెట్టి వాడు మీట నొక్కాడు, ఎడిటర్ ఎంత సేపు తీసుకుందో తీసుకుని నేరుగా ఒక ఫైలుకి తీసుకుపోయింది, ఏ వెయిట్ ఫర్ రిప్లై అని అడగలేదు. ఇంత పెద్ద కొంపలో, ప్రతి లైబ్రరీ ఎవరో ఒకరి జవాబు కోసం ఆగే ఈ కొంపలో, ఆ పేరు ఒక్కదానికేనా ఉండేది? ఒకప్పుడు అడిగేది, తనకి బాగా గుర్తు, ఇదిగో ఇది కావాలా అది కావాలా అని, ఆ అడగడం చూసి విసుక్కునేది. వాడింకో మాట కూడా అన్నాడు, తను సరిగ్గా వినలేదు, వాడి బల్ల మీద, బోర్డు నిలబెట్టే తన పాత స్టాండ్ చూసి కుళ్లుకుంటూ ఉంది అప్పుడు, ఏమన్నాడు, ఈ ఫంక్షన్లకు వస్తే తెల్వాలని నేను మెసేజ్ ప్రింటు పెట్టిన అక్కా, ఒక్కటన్న వస్తలేదు, ఈడిదాంక రాకముందే సచ్చిపోతున్నట్టుంది. రాకముందే చచ్చిపోవడం కాదేమో. అసలు ఆ దారినే రావడం లేదేమో. బోర్డు ఇంకో వెయిట్ ఫర్ రిప్లై లోంచి పోతుంటే వాడు దీని గడపలో కూర్చుని ఎదురుచూస్తున్నాడేమో. గుండె దబదబ కొట్టుకుంది, పంపు శబ్దంలో అది తనకే వినబడింది, ఇలాంటి గుండెచప్పుడు సిరి పుట్టాక ఇదే మొదలు, మళ్లీ వస్తుందో రాదో అని ఇన్నాళ్లూ లోలోపల ఎంత భయపడిందో ఇప్పుడు తెలిసింది.

ఎడమచేత్తోనే ఒక్కో అక్షరం కొట్టి, ఇండెక్స్‌ని నమ్ముకోకుండా మొత్తం ఫోల్డర్లలో ఆ పేరుని వెతకమంది. రెండోది ఉంది. జనరేటెడ్ అనే ఫోల్డర్‌లో ఉంది, అంటే మనుషులు రాసింది కాదు, కస్టమర్ సెట్టింగులు చదివి ప్రోగ్రామే రాసిపెట్టిన ప్రోగ్రాం. మనుషులు రాసిన దాంట్లో జవాబు వచ్చేదాకా ఆగడం ఉంది. ఇందులో ఆగడమనేదే లేదు. అడిగి, ఆ క్షణమే జవాబు లేదంటే, ఇంకేముంది అంతా అయిపోయిందనుకుని బోర్డు తన్ను తాను చంపుకుని మళ్లీ లేస్తోంది. తాను సెలవులో ఉండగా వచ్చిన కొత్త కస్టమర్ సెట్టింగుల్లో, బోర్డులోకి ఎక్కే ప్రోగ్రాంని కూర్చే బిల్డ్ ఇదే తీసుకోవాలని ఒక మాట ఉంది. ఎంత చిన్నది. ఎంత అందంగా దాక్కుంది. మరి ఇది ఇండెక్స్‌లోకి ఎందుకెక్కలేదు, ఇంత చెత్త ఎక్కింది గాని ఇది ఎందుకెక్కలేదు అని, ఇండెక్స్‌లో ఏవి చేర్చకూడదో చెప్పే ఫైలు తెరిచింది. జనరేటెడ్ ఫోల్డర్ వద్దు, ఎవరూ చేత్తో ముట్టుకోరు, ఊరికే బరువు. అని ఒక వరుస. దాని పక్కన రాసినవాళ్ల పేరు. మనస్విని.

నవ్వొచ్చింది ముందు. నిజంగానే నవ్వింది, యూపీఎస్ బ్యాటరీల మధ్య, ఒంటరిగా. సెలవుకి పోయే ముందు వారం, ఇల్లు సర్దుకున్నట్టు అన్నీ సర్దిపెట్టి పోదామని చేసింది ఆ పని, అప్పటికి అది సరైన పనే, అప్పుడు ఆ ఫోల్డర్‌ని బోర్డు అసలు వాడేదే కాదు, పైగా ఉన్న కస్టమర్లందరివీ అందులోనే కుప్పపోసి ఉండేవి. తర్వాత రోడ్డు మారింది, పటం మారలేదు. రెండు జవాబులు ఉన్నన్నాళ్లూ అడిగిన ఎడిటర్, ఒక్కటే మిగిలాక అడగడం మానేసింది, అడగని దాన్ని ఎవరూ అనుమానించలేదు. నవ్వు ఆగాక ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. వారాలుగా వాడికి దొరకనిది తనకి ఒక్క గంటలో దొరికింది, మీటింగులో ఇదొక్కటి చెబితే చాలు, ఆ వరుస సంగతి ఎవరడుగుతారు, ఆ ఫైలు తెరిచే మనిషే ఈ ఆఫీసులో లేడు. మాడ్యూల్ నడుచుకుంటూ తన బల్ల దగ్గరికొస్తుంది. హృషికేశ్ తల దించుకుంటాడు, మొన్న చూపిస్తున్నప్పుడు కూడా వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోవడం లేదక్కా అన్నాడు, తను ఆ మాట కూడా సరిగ్గా వినలేదు. వాడి నిద్ర తను పాడుచేసి, ఆ నిద్రలేనితనాన్నే వాడి తెలివితక్కువగా లెక్కకట్టించి మాడ్యూల్ తీసుకుంటే, రేపు ల్యాబ్‌లో మౌలాలి అని పలికించుకుని వినగలదా? వినగలదేమో, వినగలగడమే అసహ్యంగా తోచింది. సీసా మూత బిగించింది. పాత వరుస చెరిపేసి, ఆ ఫోల్డర్‌లో వాడుకలో ఉన్న ఒక్క కస్టమర్ భాగానికి మాత్రం వేరే బుల్లి ఇండెక్స్ పెట్టి, బిల్డ్ జరిగినప్పుడల్లా అది తనంతట తనే కొత్తగా తయారయ్యేలా రాసింది, అది రెప్పపాటులో అయిపోయింది. పెద్ద ఇండెక్స్ కూడా అప్పుడే ముగిసింది. కుర్చీ జరిపి, సీసా చేత్తో పట్టుకుని, దుపట్టా సర్దుకుని బయటికి నడిచింది.

హృషికేశ్ బల్ల మీద బోర్డు వెలుగుతూ ఉంది, వాడు దాని మొహంలోకి చూస్తూ ఉన్నాడు. మనస్విని వాడి కంప్యూటర్‌కి కొత్త ఇండెక్స్‌లు తగిలించి, "హృషీ, జర ఆ వెయిట్ ఫర్ రిప్లై మీద పెట్టి నొక్కు" అంది.

నొక్కాడు. ఎడిటర్ వెంటనే, ఇదా అదా అని అడిగింది.

"ఏందక్కా, రెండున్నయా?"

"ఎప్పటిసంది రెండే ఉన్నయి. ఒకటి కనవడకుంట జేసింది నేను, లీవుకు పోయే ముంగట."

వాడు రెండోది తెరిచి చదివాడు, పెదాలు కదుపుతూ, చదివిందే మళ్లీ చదివాడు. "అంటే ఇన్ని రోజులు నేను ఎవ్వల్లేని ఇంటి తలుపు గొడుతున్ననా?"

"కొట్టుడు సక్కగనే కొట్టినవ్. ఇంటి నంబరే నేను తప్పు జెప్పిన."

వాడు కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం తుడుచుకుని, ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా నవ్వాడు, ఆ నవ్వులో తిట్టుందేమోనని వెతికింది మనస్విని, కనిపించలేదు. మీటింగుకి పోతూ రామ్మోహనరావు గారు అక్కడే ఆగారు. "ఏమిటి, దొరికిందా ఏమన్నా?"

"అక్క వట్టింది సార్, గంటల" అన్నాడు హృషికేశ్.

అక్కడితో ఊరుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. "హృషి తప్పేం లేదు సార్" అంది మనస్విని. "నేను రాసిన లైనే ఆయనకు తప్పు దారి సూపెట్టింది. అది మీకు తెల్వాలె. ఇంకోటి సార్. ఆ మాడ్యూల్ నాకు గావాలె. దొరికిచ్చిన అని గాదు. నాకది ఇష్టం, లీవుల ఉన్నన్నొద్దులు గూడ దాని గురించే సోంచాయించిన. నిదానంగ జూసే పని నాకొద్దు."

ఆయన మనస్విని వైపు చూశారు, ఆమె చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న పాలసీసా వైపు చూశారు, చూసి చూడనట్టు స్క్రీన్ వైపు తిరిగారు. ఆ కాసేపూ ఆమె ఒక్క మాటకే భయపడింది, పాప చిన్నది కదమ్మా అనే మాట, అది ఆయన నాలుక చివర ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది. హృషికేశ్ తలెత్తకుండా, "నాకు డిస్‌ప్లే పని మస్తుంది సార్, అది జూసుకుంట" అన్నాడు.

రామ్మోహనరావు గారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"సరే మనస్విని గారూ, ఎప్పటికిస్తారు?"

"పాలు ఫ్రిజ్‌ల పెట్టొచ్చి చెప్త సార్" అంది ఆమె.